నలభైమంది చాలరా?

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుండి సింగరాయకొండ వచ్చాడు. ఒక చేతిలో అరిసె, ఇంకొక చేతిలో ఫోను పట్టుకుని నా గదిలోకి వచ్చి, తెర మీద తెరిచి ఉన్న ఈ బ్లాగును కాసేపు చూసి, "మావయ్యా, దీనికి రోజుకి ఎంతమంది వస్తారు?" అని అడిగాడు. దాచడం దేనికని "ముప్పై, నలభైమంది" అన్నాను. "పద్దెనిమిదేళ్ళు వ్రాసీ నలభైమందేనా!" అన్నాడు. అందులో వెటకారం లేదు, జాలి ఉంది. వెటకారమే అయితే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. జాలి కాబట్టి ఈ టపా వ్రాయవలసి వచ్చింది.

వాడి ఉద్యోగం ప్రకటనల వ్యాపారంలో. ఆ రాత్రే నాకొక ఆంగ్ల వ్యాసం పంపాడు. ఒంటరిగా వ్రాసుకునే మనిషి తన బ్లాగును ఎలా పెంచి పెద్దచేసుకోవాలో అందులో ఉంది. ఒక్కటే విషయం ఎంచుకో, వారానికి రెండుసార్లు తప్పకుండా వ్రాయి, జనం గూగుల్లో ఏ మాటలు వెతుకుతారో చూసి ఆ మాటలే శీర్షికలో పెట్టు, చదివినవాళ్ళ ఈమెయిలు చిరునామాలు సేకరించు, సామాజిక మాధ్యమాలన్నిటిలో పంచు, మొదటి ఏడాదిలోనే ఆదాయమార్గం చూసుకో. వ్యాసం బాగానే వ్రాశాడు, కాదనను. కొత్త ఫోన్ల గురించి ఆంగ్లంలో వ్రాసేవాడికి అది పనికివచ్చే సలహాయే.

నా తగువు ఆ వ్యాసంతో కాదు, మీతో. అవును, బ్లాగ్మిత్రులారా, మీతోనే. తెలుగు బ్లాగులు చచ్చిపోయాయని ఏటా ఎవరో ఒకరు సంతాపం వ్రాస్తూ ఉంటారు కదా. ఆ వ్రాతలు ఎన్ని చదివానో లెక్కలేదు. "ఆ రోజుల్లో టపా వేస్తే గంటలో ఇరవై వ్యాఖ్యలు, ఇప్పుడు పలకరించే దిక్కులేదు" అన్నదే ప్రతిదానిలోనూ పల్లవి. మా మేనల్లుడు జాలిపడే లెక్కకే మీరు శోకిస్తున్నారు. తక్కెడ ఒకటే. వాడు ఈ తక్కెడను నిన్న కొనుక్కున్నాడు, మనం 2006 నుండి మోస్తున్నాం. తేడా అంతే.

ఆ రోజుల సంగతి కాస్త నిజాయితీగా తలచుకుందాం. ఎక్స్‌పీ సీడీ ఎవరినో బతిమాలి తెచ్చుకుని, భాషల అమరికల్లో ఆ ఒక్క గడిలో టిక్కు పెట్టి, గౌతమి ఫాంటులో మొదటిసారి తెలుగు తెర మీద సరిగ్గా కనబడినప్పుడు కలిగిన సంతోషం నేనూ మరువలేదు. లేఖినిలో అచ్చులూ హల్లులూ ఆంగ్లంలో కొట్టి కింద తెలుగు మొలవడం చూసి, పక్కింటివాళ్ళని పిలిచి చూపించాను. పేరాలను రెండు వైపులా సమంగా సర్దితే ఫైర్‌ఫాక్సులో అక్షరాలు ముక్కలయ్యేవి, దాని మీద గుంపులో వారంపాటు చర్చ జరిగింది. ఇదంతా తీపి జ్ఞాపకమే. అయితే అప్పట్లో మన దగ్గరికి జనం ఎందుకు వచ్చారు? మనం గొప్పగా వ్రాశామనా? పెద్ద పత్రికలు చాలావరకు తమ సొంత ఫాంటులలో ఉండేవి. ఆ వ్రాత యూనికోడు కాదు గనుక వెదుకుయంత్రానికి అది తెలుగుగా కనబడేది కాదు. పద్మ వంటి పొడిగింత పెట్టుకుంటే తప్ప ఫైర్‌ఫాక్సులో చదవడమే కుదిరేది కాదు. కాబట్టి ఎవరైనా తెలుగులో "గోంగూర" అని వెదికితే వచ్చేది వికీపీడియా, లేదా మనలో ఎవరిదో బ్లాగు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం. తరువాత పత్రికలు యూనికోడుకి వచ్చాయి, ఫోన్లలో తెలుగు వచ్చింది, జనం లక్షల్లో వచ్చారు, చెట్లూ వచ్చాయి. ఆముదపు చెట్టు మాత్రం ఉన్నంతే ఉంది. దాన్ని మరణం అంటే ఎలా?

ఇక సంకలినుల సంగతి. కూడలి, తేనెగూడు, జల్లెడ, ఆ తరువాత హారం, మాలిక. వాటిని నడిపినవాళ్ళు ప్రతిఫలం ఆశించకుండా చేసిన సేవ చిన్నది కాదు. వాళ్ళని ఒక్క మాట అనను. అయితే ఆ పుట మీద మన టపా పైన ఉండేది ఎంతసేపు? కొత్తవి వచ్చి కిందికి తోసేవరకు, అంటే కొన్ని గంటలు. ఆ కొన్ని గంటల కోసం మనం ఏమేం చేశామో గుర్తుందా? శీర్షికలో లేని రహస్యం పెట్టాం. ఒక టపాని మూడు ముక్కలు చేసి మూడుసార్లు వేశాం. వ్యాఖ్యల సంఖ్య పెరుగుతుందని ప్రతి వ్యాఖ్యకీ విడివిడిగా ధన్యవాదాలు చెప్పాం. 2009 డిసెంబరు తరువాత రాష్ట్రం విడిపోవాలా కలిసుండాలా అన్న గొడవ మొదలైనప్పుడైతే, అంతకుముందు వంటలూ పద్యాలూ వ్రాసుకునేవాళ్ళు కూడా కత్తులు నూరారు. ఎందుకంటే కత్తుల చప్పుడుకే జనం గుమికూడేవారు. నన్ను నేను మినహాయించుకోను. ఒకనాడు అటువంటి శీర్షికతో ఒక టపా వేశాను. తెల్లవారేసరికి అరవైకి పైగా వ్యాఖ్యలు. కాఫీ చల్లారిపోయేదాకా అన్నీ చదివాను. అందులో నేను వ్రాసిన విషయం గురించి ఒక్కటీ లేదు. ఆ టపా ఇప్పటికీ ఉంది, తీసివేయలేదు. అప్పుడప్పుడు చదువుకుని సిగ్గుపడడానికి పనికివస్తుంది.

ఆ తరువాత, 2010 దాటాక, అందరం ఒక్కొక్కరుగా ఫేసుబుక్కుకి తరలిపోయాం. అక్కడ ఇరవై నిమిషాలలో యాభైమంది మెచ్చుకునేవారు. ఆ రుచి మరిగినవాడికి కూడలి కూడా నెమ్మదిగా కనబడింది, ఇక బ్లాగు సంగతి చెప్పాలా.

మా వైపు మిర్చి రైతుకి తెలిసిన ఒక విషయం మనకి తెలియలేదు. కాయ కోసి, కల్లంలో ఆరబోసి, తాలు ఏరి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకి తోలుకుపోయిన రైతు, ఆనాటి ధర నచ్చకపోతే ఏం చేస్తాడు? స్తోమత ఉన్నవాడు శీతల గిడ్డంగిలో పెట్టుకుంటాడు. రంగు పోకుండా కాయ నెలల తరబడి ఉంటుంది. అప్పులవాడు తలుపు దగ్గర నిలబడినవాడు మాత్రం ఆనాటి ధరకే, అది ఎంతైనా, అమ్మేస్తాడు. పంటలో తేడా లేదు, శ్రమలో తేడా లేదు. తేడా అంతా ఆగగలగడంలో ఉంది. మనకి ఎవరి అప్పూ లేదు. తలుపు దగ్గర ఎవరూ నిలబడలేదు. అయినా ప్రతిరోజూ తెల్లవారి మన వ్రాతను మోసుకుపోయి యార్డులో కుమ్మరించి, ఆనాటి మెచ్చుకోళ్ళకి అమ్మి వచ్చాం. మూడు రోజుల తరువాత ఆ సరుకు ఎక్కడుందో మనకే దొరకదు. ఫేసుబుక్కులో నాలుగేళ్ళ కిందట మీరు వ్రాసిన మంచి పేరా ఒకటి ఇప్పుడు వెదికి చూడండి, తెలుస్తుంది.

సరే, ఒంటరి రచయిత ఎదగడం అంటే ఏమిటని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి సమాధానం మన భాషలో ఆంగ్ల వ్యాసాల కంటే చాలా ముందే ఉంది.

వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని మొదలుపెట్టారు. అప్పుడాయన ధవళేశ్వరంలో బడిపంతులు. మొదట మద్రాసులో అచ్చు వేయించారు, తరువాత రాజమహేంద్రవరంలోనే సొంత అచ్చుకూటం ఏర్పాటు చేసుకున్నారు. ఎందుకు? మద్రాసుకి పంపి తెప్పించుకోవడంలో ఉన్న ఆలస్యం ఒకటి. అంతకన్నా ముఖ్యం, లంచగొండి అధికారుల గురించీ ఊరి పెద్దల గురించీ నిర్మొగమాటంగా వ్రాయదలచినవాడికి అచ్చుయంత్రం ఇంకొకడి చేతిలో ఉంటే చెల్లదు. అన్నం బడి నుండి వచ్చింది. అచ్చు తన చేతిలో ఉంది. ఆ రెండూ కుదిరాయి కాబట్టే, చందాదారులు ఏమనుకుంటారో అని ఆయన కలం ఆపవలసిన అవసరం రాలేదు.

నాకు అంతకన్నా ఇష్టమైన ఉదాహరణ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టినాయన బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం తయారుచేసి అమ్మారు. ఆంధ్రపత్రిక 1908లో అక్కడే వారపత్రికగా మొదలైంది. 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి వచ్చింది. తెలుగులో పరిశోధన, విమర్శ, కథ, కవిత్వం అన్నవి భారతిలో పడితే చాలు అనిపించుకున్న కాలం ఒకటుంది. 1991లో ఆగేవరకు దాని గౌరవం దానికి ఉంది. ఇదంతా ఎవరు పోషించారు? తలనొప్పి పోషించింది! దేశంలోని తలనొప్పులన్నీ కలిసి పసుపురంగు సీసా ద్వారా తెలుగు సాహిత్యానికి చందా కట్టాయి. (పత్రిక పెద్దదయ్యాక సిబ్బందీ సంపాదకవర్గమూ ఏర్పడ్డారు, అది వేరే మాట. మొదలుపెట్టింది మాత్రం ఒక్క మనిషి.) ఆయన పత్రికతో అమృతాంజనాన్ని బ్రతికించలేదు, అమృతాంజనంతో పత్రికను బ్రతికించారు. మా మేనల్లుడు పంపిన వ్యాసం ఈ వరుసను సరిగ్గా తిరగేస్తుంది. వ్రాతే అమృతాంజనం కావాలంటుంది, వ్రాతే అమ్ముడుపోయి మనిషిని పోషించాలంటుంది. అటువంటప్పుడు జనం తలనొప్పి ఎక్కడుందో చూసి అక్కడ రుద్దడం తప్ప రచయితకి వేరే పని ఉండదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో "తెలుగు" అనే పత్రిక నడిపారు. కొద్దికాలమే నడిచింది. ఆ పత్రిక జమాఖర్చుల పుస్తకం ఎవరైనా మా మేనల్లుడి చేతికి ఇస్తే వాడు పంతులుగారి మీద కూడా జాలిపడి ఉండేవాడు. దాని ఫలితం ఏమిటంటే, వాడూ నేనూ మీరూ ఇప్పుడు వ్రాస్తున్న ఈ వచనం. (నేను "వ్రాస్తున్న" అని రవత్తు పెట్టినందుకు పంతులుగారు నన్ను చీవాట్లు పెట్టేవారే. అలవాటు, పోవడంలేదు.)

డబ్బు ప్రస్తావన వచ్చింది గనుక ఒక నిజం చెప్పుకోవాలి. గూగుల్ వారి ప్రకటనల పథకంలోకి తెలుగు అధికారికంగా వచ్చింది 2018లో. అంటే 2005 నుండి పన్నెండు పదమూడేళ్ళ పాటు తెలుగులో బ్లాగు వ్రాసిన ప్రతివాడూ పైసా రాదని తెలిసే వ్రాశాడు. ఇది మన త్యాగం అని నేను గొప్పలు చెప్పను. మనకి ఉద్యోగాలున్నాయి, కొందరికి అమెరికాలో ఉన్నాయి. నాకు నెలనెలా జీతం ఇచ్చే చిన్న ఉద్యోగం ఒకటి ఉండేది, ఇప్పుడు పింఛను ఉంది. అదే నా అమృతాంజనం. కాని ఆ కాలంలో మనకి దొరికిన స్వేచ్ఛ ఎంతటిదో చూడండి. ఎవరికీ అమ్మనవసరంలేని వ్రాత, ఎవరి అనుమతీ అవసరంలేని అచ్చు. కందుకూరివారు అచ్చుయంత్రం కొని సంపాదించినది మనకి ఉచితంగా వచ్చింది. దాన్ని తీసుకుపోయి వ్యాఖ్యల లెక్కకి తాకట్టు పెట్టాం. ఎవరూ బలవంతం చేయకుండానే.

ఈమెయిలు చిరునామాలు సేకరించమన్న సలహా ఒక్కటి మాత్రం ఆ వ్యాసంలో నేను ఒప్పుకుంటాను. చదువరికీ మనకీ మధ్య దళారీ లేని దారి అదొక్కటే, ఫీడు తరువాత. 2013 జూలైలో గూగుల్ రీడరు మూతపడినప్పుడు మనలో సగంమంది తమ పాఠకులు ఎక్కడున్నారో తెలియక చీకట్లో తడుముకున్నాం. చిరునామాలు దాచుకున్నవాళ్ళు నష్టపోలేదు. ఒక్కటే విషయం ఎంచుకోమన్న సలహా మాత్రం నావంటివాడికి కుదరదు. సింగరాయకొండ ఒక విషయం కాదు. పొద్దున పాకల సముద్రం, మధ్యాహ్నం కందుకూరు బస్సు, సాయంత్రం పాత సింగరాయకొండలో నరసింహస్వామి కొండ. వీటిలో ఒకటి ఎంచుకుని మిగతావాటిని వదిలేయమంటే నాకు చేతకాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంతసేపూ చుట్టూ తిరిగింది దీన్ని చెప్పడానికి మనసొప్పకనే.

మా ఊరికి దగ్గరలోనే నాకొక స్నేహితుడు ఉండేవాడు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. పొగాకు రైతు. 2008లో నేనే అతనికి లేఖిని చూపించి బ్లాగు తెరిపించాను. అతను పొగాకు గురించి వ్రాశాడు. నారుమడి నుండి వేలంకేంద్రం దాకా, ఒక్కొక్క పని మీద ఒక్కొక్క టపా. మొదటి రెలుపు ఎప్పుడు చేయాలి, అడుగాకు ఎలా ఉంటుంది, అల్లకానికి వచ్చే ఆడవాళ్ళు కర్రకి ఆకు ఎంత వేగంగా కట్టేవారు, వాళ్ళు పాడుకునే పాటలు ఏమిటి, బ్యారన్‌లో రాత్రంతా మంట చూసుకుంటూ కూర్చున్నవాడికి ఏ గంటకి నిద్ర ముంచుకొస్తుంది, మండె కట్టినప్పుడు లోపల చెయ్యి పెట్టి వేడి ఎలా పసిగట్టాలి. చదువు పదో తరగతి. వాక్యం మాత్రం పొలం గట్టులా తిన్నగా ఉండేది. నాకు తెలిసి ఈ మాటలన్నీ ఒకచోట, పని చేసినవాడి చేతితో, తెలుగులో అంతకుముందు ఎవరూ వ్రాయలేదు.

అతనికి పాఠకులు ఆరుగురు. నేను, ఇంకో ఐదుగురు. అందులో ఒకాయన దేశం విడిచి చాలా కాలమైనవాడు. ఒకసారి ఇలా వ్యాఖ్య పెట్టాడు. వాళ్ళమ్మ అల్లకానికి పోయి వచ్చి, చేతుల నల్లటి జిగురు ఎంత తోమినా పోక, అదే చేత్తో అన్నం కలిపి పెట్టేదట. ఆ చేదు నోటికి గుర్తుందట, మీరు వ్రాసేవరకూ దాని గురించి ఎవరితోనూ చెప్పలేదట. ఆ వ్యాఖ్య చదివి మా అన్న నాకు ఫోను చేశాడు, సరిగా మాట్లాడలేకపోయాడు.

మిత్రులారా, ఆ మనిషికి మా మేనల్లుడి సలహా ఇచ్చినవాణ్ణి నేనే. "అన్నా, పొగాకు ఎవరు చదువుతారు? పైగా ఆరోగ్యానికి హానికరం అంటారు. కాస్త సినిమాలూ రాజకీయాలూ కలుపు, జనం వస్తారు. నీ చెయ్యి మంచిది, పదిమందికీ తెలియాలి." నా బుద్ధి కొద్దీ ప్రేమగానే చెప్పాను. అతను విన్నాడు. సినిమా మీద వ్రాశాడు, జనం వచ్చారు. రాజకీయం మీద వ్రాశాడు, ఇంకా వచ్చారు. అజ్ఞాతలు వచ్చారు. వాళ్ళు అతని కులం అడిగారు, చదువు అడిగారు, అక్షరదోషాలు ఏరి చూపి నవ్వారు. ఇంట్లో ఆడవాళ్ళని కూడా వదలలేదు. 2012లో ఒకరోజు తెరిచి చూస్తే బ్లాగు లేదు. మొత్తం చెరిపివేశాడు. అడిగితే, "ఎవరూ చదవనివి ఉంటేనేం, పోతేనేం రా" అన్నాడు. వచ్చిన జనం అంతా ఆ రెండో రకం టపాలకే కదా, పొగాకుకి కాదు కదా అని అతని లెక్క. ఆ లెక్క అతనికి నేర్పింది నేను. ఆ రోజు నేను గట్టిగా ఏమీ అనలేదు. పోనీలే, మళ్ళీ మొదలుపెడతాడులే అనుకున్నాను. మొదలుపెట్టలేదు.

అతను పోయి మూడేళ్ళయింది. పోయిన దీపావళికి వాళ్ళమ్మాయి ఫోను చేసింది. "బాబాయ్, నాన్న కంప్యూటర్లో ఏదో వ్రాసేవాడు కదా, అవి ఎక్కడన్నా ఉన్నాయా? పిల్లాడికి చదివి వినిపిద్దామని" అంది. ఏం చెప్పను?

ఈ తెలుగు బ్లాగులు చచ్చిపోయాయని వ్రాసేవాళ్ళని నేను అడిగేది ఇదే. మీ బ్లాగు ఏమైంది? చాలామందివి చచ్చిపోలేదు, మీరు చెరిపివేశారు. లేదా తలుపు వేసి ఆహ్వానితులకు మాత్రమే అని బోర్డు పెట్టారు. లేదా మీ వ్రాతలన్నీ ఏదో ఒక సంస్థ ఆవరణలో వదిలేశారు, ఆ సంస్థ దుకాణం సర్దుకుంది. జియోసిటీస్ 2009లో పోయింది. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో పోయాయి. యాహూ గుంపులు 2020లో పోయాయి. మన రచ్చబండ కూడా అక్కడిదే. ఛందస్సు మీద, నన్నయ మీద, మాండలికాల మీద ఎంతెంతటి పెద్దలు అక్కడ వాదించుకున్నారో చదివినవాళ్ళకి తెలుసు. ఎవరైనా ముందుచూపుతో దాచుకున్నది తప్ప మిగిలినది లేదు. ఇన్నిసార్లు ఇల్లు కాలినా మనం ఇంకా హిట్ల గురించే మాట్లాడుకుంటున్నాం.

"మరి నువ్వున్నదీ ఉచితపు ఇంట్లోనే కదా" అంటారు. ఉన్నాను. అద్దె కట్టని ఇంట్లో కూర్చుని ఇంటి యజమానిని తిట్టే మర్యాద నాకు లేదు. ఇల్లు విడిచి పొమ్మని మీకూ చెప్పను. అది ఎంత కష్టమో మా పొరుగున చీరాలవాళ్ళని అడగాలి. పురపాలక సంఘం పన్నులు కట్టబోమని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెనుక చీరాల, పేరాల జనం ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి, ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఎండకీ వానకీ ఓర్చుకుని ఉండి, చివరికి తిరిగి రావలసి వచ్చింది. అంత చేయమని ఎవరిని అడగగలం? నేనడిగేది అంతకన్నా చాలా తక్కువ. బ్లాగులో ఉన్నదంతా దింపుకునే సదుపాయం బ్లాగర్లోనూ వర్డ్‌ప్రెస్సులోనూ ఉంది. ఏడాదికొకసారి, ఉగాదికి ఇల్లు దులుపుకునేటప్పుడు, ఆ పని చేయండి. ఒక నకలు మీ దగ్గర, ఒక నకలు మీరు నమ్మే మనిషి దగ్గర. సంవత్సరానికి వెయ్యి రూపాయల ప్రాంతంలో పెట్టగలిగితే సొంత పేరుతో చిరునామా కొనుక్కోండి. అప్పుడు ఇల్లు మారినా చిరునామా మారదు. ఆ మేనల్లుడి చేతే నేను కొనిపించుకున్నాను. వాడు ఉత్సాహంగా చేసిపెట్టాడు, ఇక నేను ఎదుగుతానని ఆశపడి.

పాత టపాలు బాగాలేవని చెరిపేవాళ్ళకి ఒక మాట. మిర్చి రైతు తాలుకాయను వేరుచేస్తాడు కాని పారబోయడు. దానికీ ఒక ధర ఉంది, కొనేవాడూ ఉన్నాడు. 2009లో నేను మా అమ్మమ్మ ఇంట్లో ధాన్యం కొలిచే మాటల మీద ఒక టపా వేశాను. పుట్టికి ఇరవై తూములు మొదలుకొని కుంచం, మానిక, తవ్వ, సోల, గిద్ద వరకు. వేసిన రోజు రెండే వ్యాఖ్యలు, రెండూ "బాగుంది" అని. శైలి ఏమంత గొప్పది కాదు, ఇప్పుడు చదివితే నాకే ముఖం చిట్లుతుంది. ఈ బ్లాగులో ఇప్పటికీ అందరికన్నా ఎక్కువమంది వచ్చేది దానికే. పాత దస్తావేజు చేతిలో పట్టుకుని ఒకాయన వచ్చాడు. పరీక్షకి చదివే పిల్లలు వచ్చారు. మా వైపు కొలత అలా కాదని వేరే జిల్లావాళ్ళు మూడుసార్లు తప్పు దిద్దారు, దిద్దినవన్నీ కింద చేర్చాను. అది పెరిగిన టపా. నేను "పెరగడం" అనేది దాన్ని. రోజుకి నలభైమందిలో ఇరవైమంది అలా పాత టపాలకి వచ్చేవాళ్ళే. వాళ్ళు మెచ్చుకోవడానికి రారు. కావలసింది తీసుకుని పోతారు, పేరైనా చెప్పరు. మా మేనల్లుడి లెక్కలో వాళ్ళు "నిలవని సందర్శకులు". మరి గ్రంథాలయంలో నిఘంటువు తెరిచి, ఒక మాట చూసుకుని వెళ్ళిపోయినవాణ్ణి ఏమంటారు?

పొగాకు అల్లకం గురించి ఈ రాత్రి ఎవరైనా తెలుగులో వెదికితే మా అన్న వ్రాసింది దొరకదు. ఆరుగురు చదివారు కాబట్టి అది విఫలమైన బ్లాగు అని నేను అతన్ని నమ్మించాను. ఈ మాట వ్రాయడానికి నాకు పదేళ్ళకి పైగా పట్టింది.

వాళ్ళమ్మాయి ఫోను చేసిన మర్నాటి నుండి వేబ్యాక్ మెషీనులో వెదుకుతున్నాను. ఆ యంత్రం అప్పుడప్పుడు ఆ బ్లాగును పలకరించి వెళ్ళిందని తేలింది. పదకొండు టపాలు పూర్తిగా దొరికాయి. రెండు సగం వరకే ఉన్నాయి. బొమ్మలు ఒక్కటీ లేవు. అల్లకం పాటల టపా లేదు, మండె టపా లేదు, ఆ అమ్మ చేతుల వ్యాఖ్య ఉన్న పుట లేదు. దొరికినవి అచ్చుతీసి, కుట్టించి ఆ పిల్లకి ఇచ్చి వచ్చాను. బ్లాగు పేరు ఇక్కడ వ్రాయవద్దని ఆమె కోరింది. చదివిన ఆ ఐదుగురికీ పేరుతో పనిలేదు. 2008కీ 2012కీ మధ్య ఆ టపాలను ఎవరైనా దాచుకుని ఉంటే, ఫీడులో మిగిలినవైనా, ఎవరికో పంపిన ఈమెయిలులో అతికించినవైనా, నాకు పంపండి. అక్షరాలు చెడిపోయి డబ్బాలుగా కనబడుతున్నా ఫరవాలేదు, అవి బాగుచేయడం మనకి చేతనైన పనే. ముఖ్యంగా పాటల టపా.